గొళ్ళెం తీయని ప్రతులు

గ్రంథాలయం మేడమీది గదిలో ఒక నియమం అమలులో ఉండేది. ఎవరి పుస్తకంపై చర్చ జరుగుతున్నదో ఆ రచయిత అందరికీ ఎదురుగా, కిటికీ పక్కన వేసిన చేతుల కుర్చీలో కూర్చోవాలి. పాఠకులందరూ మాట్లాడడం పూర్తయ్యే వరకు నోరు విప్పకూడదు, కుర్చీ విడువకూడదు. తల ఊపడం సైతం నిషిద్ధమే. ఈ నియమాన్ని విధించినవారు కార్యదర్శి గారు. ఆయన పూర్వాశ్రమంలో ప్రధానోపాధ్యాయులు. ఉద్యోగం నుంచి ఆయన విరమించారు గాని, ఉద్యోగం మాత్రం ఆయన నుంచి ఇంకా విరమించలేదు.

“పుస్తకం తన కాళ్ళ మీద తాను నిలబడాలి. పక్కన అమ్మ చెయ్యందిస్తూ ఉంటే అది ఎప్పటికి నడుస్తుంది?” అనేవారాయన.

ఆ ఆదివారం సాయంత్రం ఆ కుర్చీలో కూర్చున్నది కళ్ళద్దాలావిడ. ఊళ్ళో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పెద్ద వీధి మలుపులోని కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించడం ఆమె ఉద్యోగం. చీకటి గదిలో మనిషి ముక్కు మీద బరువైన చట్రం పెట్టి, అందులో అద్దాలు మారుస్తూ, “ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?” అని రోజంతా అడుగుతూనే ఉంటుంది. ఊరందరినీ అంత ధైర్యంగా అడిగే మనిషి, తన నవల ఎలా ఉన్నదని ఒక్కరినంటే ఒక్కరిని అడగలేకపోయింది. అందులోనూ ఒకరిని అడగడానికి బొత్తిగా నోరు రాలేదు.

ఆ ఒక్కరు ఈ రోజు వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. లిఫ్టుల కంపెనీ నీలం చొక్కా, మోచేతి దగ్గర గ్రీజు మరక, కాళ్ళ దగ్గర పనిముట్ల సంచి. ఆమె తమ్ముడు. గదిలో ఆ సంగతి మరెవరికీ తెలియదు. పుస్తకం పంపిస్తే “అందింది” అని ఒక్క ముక్క మెసేజి పెట్టి ఊరుకున్నవాడు, పిలవని చర్చకు ఎందుకు వచ్చినట్టు?

ఆమె కుడికాలు తనంతట తాను ఆడడం మొదలుపెట్టింది.

నవల పెద్దవాళ్ళ కోసం రాసిన జానపద కల్పన. రెల్లుమడుగు రాజును పెళ్ళాడిన ఒక పడుచు, అతను పెట్టే హింస పడలేక పారిపోతుంది. మడుగు దాటేసరికి కొంగగా మారిపోతుంది. వానలో తడుస్తూ, రేవులో దీపం కాచే తమ్ముడి ఇంటికి చేరి ముక్కుతో తలుపు కొడుతుంది. కొంగను లోనికి రానిచ్చిన ఇంట్లోకి మడుగు నీళ్ళు వచ్చిపడతాయని ఆ దేశంలో అందరికీ భయం. తమ్ముడు కిటికీలోంచి చూసి దీపం ఆర్పేస్తాడు. ఆఖరి అధ్యాయంలో తెల్లవారుతుంది. తమ్ముడు గొళ్ళెం తీస్తాడు. మోకాటిలోతు నీళ్ళతో పాటు కొంగ కూడా లోపలికి వస్తుంది, రెక్కలు రాలి ఆమెకు మళ్ళీ చేతులు మొలుస్తాయి.

రాజు, మడుగు, కొంగ కల్పితాలు. దీపం మాత్రం కల్పితం కాదు. భర్త ఇల్లు విడిచి, ఒక్క సంచితో మేడమీది తమ్ముడి వాటా ముందు నిలబడి ఆమె గంట నొక్కిన సాయంత్రం, తలుపు మీది అద్దంలో వెలుగుతున్న దీపం ఆరిపోయింది. ఆ తరువాత పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో ఎదురుపడినప్పుడు అతను లిఫ్టుల గురించి మాట్లాడాడు, ఆమె కళ్ళ గురించి మాట్లాడింది. ఆ సాయంత్రం మాట ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తలేకనే ఆమె ఇంత నవల రాసింది. ఆఖరి అధ్యాయం రాసింది వాడి ఒక్కడి కోసమే. నిన్ను క్షమించానురా అని నోటితో చెప్పలేని మాటను గొళ్ళెం తీయించి చెప్పింది. వాడు దాన్ని అందుకున్నాడా లేదా అన్నదే ఇప్పుడు ఆమెకు కావలసింది. మిగిలిన వాళ్ళ మెప్పు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మొదట లేచింది ఆస్పత్రి నర్సమ్మ.

“నాకు భలే నచ్చిందండీ. ఆ తమ్ముణ్ణి మాత్రం పట్టుకుని చెంప పగలగొట్టాలనిపించింది. తోడబుట్టింది రెక్కలు తడిసి తలుపు కొడుతుంటే దీపం ఆర్పేస్తాడా, సన్నాసి! డ్యూటీలో చదివాను. ఆ కోపంలో ఎవరికో పాపం ఇంజెక్షను కాస్త గట్టిగానే పడింది.”

గది నవ్వింది. చివరి వరుసలో నీలం చొక్కా నవ్వలేదు.

“అంత కోపమెందుకమ్మా?” అన్నాడు మందుల షాపు యజమాని. “తెల్లారాక తలుపు తీశాడుగా?”

“ఎవరు తీశారు?”

“వాడే. గొళ్ళెం తీశాడు, నీళ్ళొచ్చాయి, ఆవిడకి చేతులొచ్చాయి. చదువుతుంటే నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి.”

“సార్, మీరు ఏ పుస్తకం చదివొచ్చారు?”

“నువ్వేం చదివావమ్మా? సగంలో మూసేసి వచ్చి సభలో మాట్లాడితే ఎలా?”

“సగమా! వెనకట్ట దాకా చదివాను. కావాలంటే అట్ట మీద ధర చెప్పనా?”

“ధర చదివావు గాని కథ చదవలేదు.”

ఇద్దరి వెనుక రెండు పక్షాలు లేచాయి. తలుపు తెరుచుకున్నదని కొందరు, చచ్చినా తెరుచుకోలేదని కొందరు. కార్యదర్శి గారు బల్ల మీద అరచేత్తో చరిచారు.

“నిశ్శబ్దం! తలుపు తెరుచుకున్నదనేవారు చేతులెత్తండి.” ఎత్తారు. “తెరుచుకోలేదనేవారు?” ఇంచుమించు అంతమందే ఎత్తారు. కార్యదర్శి గారి చెయ్యి కూడా వాళ్ళతోనే లేచింది. “నా ప్రతిలో తెరుచుకోలేదు. చివర ‘సమాప్తం’ అని కూడా లేదు. ఈ కాలపు రచయితలకు ముగించే ఓపిక ఉండదులే అని సరిపెట్టుకున్నాను.”

కొన్ని వారాలుగా ఫోనులో “ఎంత కఠినమైన ముగింపు!” అని మెచ్చుకుంటున్న వాళ్ళందరూ చివర చదవని బద్ధకస్తులని కళ్ళద్దాలావిడ అనుకుంటూ వచ్చింది. తమ్ముడి వంక చూసింది. అతను రెండుసార్లూ చెయ్యి ఎత్తలేదు.

ముందు వరుసలో ఉన్న ప్రచురణకర్త నర్సమ్మ పుస్తకం, మందుల షాపు ఆయన పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చివర్లు తిరగేశాడు. అతని మొహం మొదట పాలిపోయింది.

“చివరి ఫారం పడలేదండీ,” అన్నాడు. ఒకే కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి మడిచిన మడతను అచ్చు పనివాళ్ళు ఫారం అంటారు. అలాంటి ఫారాలను వరుసగా పేర్చి కుడితే పుస్తకం అవుతుంది. “కుట్టుపని ఇద్దరు చేశారు. ఒకరు పేర్చిన వాటిలో ఆఖరి ఫారం పెట్టడం మరిచిపోయినట్టున్నారు. ముందు అధ్యాయం సరిగ్గా పేజీ అడుగున ముగిసింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.”

“మార్చి ఇవ్వండి మరి,” అన్నారు కార్యదర్శి గారు.

“నాకేం మార్చక్కర్లేదు,” అన్నది నర్సమ్మ. “నా పుస్తకమే బాగుంది. ఒకసారి వేసిన గొళ్ళెం ఎవడు తీస్తాడండీ, కథల్లో తప్ప?”

ఆమె పక్షం వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినగానే ప్రచురణకర్త మొహానికి మళ్ళీ రంగు వచ్చింది. కుర్చీ ముందుకు జరుపుకుని గుసగుసగా, “మేడం, రెండో ముద్రణలో ఆ ఫారం ఎత్తేద్దామా? జనానికి ఇదే పట్టినట్టుంది,” అన్నాడు.

జవాబు చెప్పడానికి ఆమెకు వీలులేదు. కార్యదర్శి గారు కళ్ళజోడు పైనుంచి తననే చూస్తున్నారు. పళ్ళు బిగించి కూర్చున్నది. కాలు మాత్రం కుట్టుమిషను తొక్కుతున్నట్టే ఆడుతున్నది.

అప్పుడు చివరి వరుసలో నీలం చొక్కా లేచింది.

“నా పుస్తకంలోనూ తీయలేదండీ.”

“తమరెవరు?” అన్నారు కార్యదర్శి గారు.

“లిఫ్టులు బాగుచేస్తానండీ. పుస్తకం చదివాను, అంతే.” అతను మందుల షాపు ఆయన వైపు తిరిగాడు. “సార్, మీదొకసారి ఇస్తారా? ఆ పేజీలు చూసి ఇచ్చేస్తాను.”

కార్యదర్శి గారు టీ విరామం ప్రకటించారు. అందరూ గ్లాసులు పట్టుకుని తలుపు తెరుచుకున్నట్టా లేనట్టా అని వరండాలో వాదించుకుంటున్నారు. రచయిత కుర్చీ విడువకూడదు గనుక ఆమెకు టీ కూర్చున్నచోటికే వచ్చింది, వచ్చినట్టే చల్లారింది. తమ్ముడు మెట్ల దగ్గరి వెలుగులో నిలబడి చదువుతున్నాడు. పుస్తకాన్ని చాచిన చేతికి చివర పట్టుకుని, తల వెనక్కి వాల్చి చదువుతున్నాడు. ఒక పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఏ పేజీయో ఆమెకు ఇక్కడి నుంచి కనబడదు.

వాడి చేతికి వచ్చింది గొళ్ళెం తీయని ప్రతి. అంటే ఇన్నాళ్ళూ అక్క తనను ఊరి ముందు నిలబెట్టి దీపం ఆర్పిన సన్నాసి అని చాటిందనే వాడు అనుకుంటూ వచ్చాడు. ఇందాక నర్సమ్మ నోట ఆ మాట స్వయంగా విన్నాడు కూడా. లేచి వెళ్ళి ఆ పుస్తకం లాక్కుని తానే చదివి వినిపించాలని ఆమెకు మనసు పీకింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

విరామం ముగిసింది. అతను పుస్తకం తిరిగి ఇచ్చేసి, నిలబడే ఉన్నాడు.

“చదివారా? చెప్పండి మరి,” అన్నారు కార్యదర్శి గారు.

“చెప్పేంత చదువు నాకు లేదండీ.”

“నచ్చిందో నచ్చలేదో చెప్పడానికి చదువెందుకు?”

అతను మెడ వెనుక రుద్దుకున్నాడు, నీళ్ళు నమిలాడు. ఏ క్షణాన నోరు తెరిచిందో ఆమెకే తెలియదు. వచ్చిన మాట కూడా రోజూ అలవాటైన మాటే.

“ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?”

“అమ్మా! నియమం!” అన్నారు కార్యదర్శి గారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

“రెండూ మసగ్గానే ఉన్నాయక్కా,” అన్నాడు తమ్ముడు.

అక్కా అన్న మాటకు నర్సమ్మ చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

“నా పుస్తకంలో వాడు దీపం ఆర్పాడు, అక్కడితో సరి. ఈయన పుస్తకంలో పొద్దున్నే లేచి, ఏమీ ఎరగనట్టు వచ్చి గొళ్ళెం తీశాడు. అంత సులువుగా ఎలా తీస్తాడు? మధ్యలో వాడేం చేశాడో రెండింట్లోనూ లేదు.”

“ఏం చేశాడు?”

“తలుపు వెనకాలే నిలబడ్డాడు. గొళ్ళెం మీద చెయ్యేసుకుని.”

“ఎంతసేపు?”

“ఆ రోజు మా లిఫ్టు పనిచెయ్యలేదు. నేను బాగుచెయ్యాల్సిందే అది. నువ్వు మెట్లు దిగి వెళ్ళావు. నీ చెప్పుల చప్పుడు అడుగు మెట్టు దాకా విన్నాను. ఆ తర్వాత కూడా అక్కడే ఉన్నాను.”

“మరి తీయలేదేం రా?”

అతను చుట్టూ ఉన్న మొహాలను ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

“ఇంట్లోకి నీళ్ళొస్తాయని.”

గదిలో ఉన్నవారికి అది కథలోని సంగతిగా తోచి ఉండవచ్చు. ఆమెకు మాత్రం భర్త, అతని అన్నలు, గుమ్మం ముందు కేకలు, చంటిబిడ్డతో లోపల వణుకుతున్న మరదలు, ఇల్లు ఖాళీ చెయ్యమనే ఇంటి యజమాని, అందరూ ఆ ఒక్క మాటలో మోకాటిలోతు నీళ్ళలో కనిపించారు. నవల రాస్తున్నంత కాలం ఆమె తలుపుకు ఇవతలి వైపే ఉన్నది. అవతలి వైపు కూడా ఒక మనిషి నిలబడి ఉంటాడని ఎన్నడూ తోచలేదు. క్షమించడానికి సైతం ఆమె వాణ్ణి తెల్లవారేదాకా నిద్రపుచ్చింది.

“మేడం,” అన్నాడు ప్రచురణకర్త మెల్లిగా, “అయితే ఏ ముగింపు వేయమంటారు?”

“ఏదీ వెయ్యకండి. ఆగండి. ఇంకా పరీక్ష అవలేదు.” ఆమె తమ్ముడి వైపు తిరిగింది. “రేపు దుకాణానికి రా. అంత చెయ్యి చాచి చదువుతున్నావు, నీకు చత్వారం వచ్చింది.”

“అప్పుడేనా? నాకింకా వయసెక్కడిది?”

“వచ్చిందంటే వచ్చింది. నాకు చెప్తావా?”

“నా పుస్తకం కూడా తేవాలా?”

“మార్చి ఇస్తామండీ,” అన్నాడు ప్రచురణకర్త.

“వద్దండీ. దీంట్లో మూలలు మడుచుకున్నాను. ఆ పేజీలేవో వచ్చాక, అవి మటుకు ఇవ్వండి.”

కార్యదర్శి గారు ఈసారి బల్లను రెండు చేతులతోనూ చరిచారు. “ఇది సభా, సొంత ఇల్లా? ఇంకా ఇద్దరు పాఠకులు మాట్లాడవలసి ఉన్నది. అంతవరకు రచయిత్రి నోరు విప్పకూడదు. మీరు, లిఫ్టాయన గారూ, కూర్చోండి!”

ఆమె నోరు మూసుకుంది. చెప్పవలసినవి, అడగవలసినవి గొంతులో తోసుకుంటున్నాయి. మరదలు ఏమన్నదో, ఆ బిడ్డకు ఇప్పుడు ఎన్నేళ్ళో, ఆ లిఫ్టు ఎప్పుడు బాగుచేశాడో. ఎవరో లేచి కొంగలను గురించి దీర్ఘంగా ఉపన్యసించడం మొదలుపెట్టారు. ఒక్క మాట కూడా చెవిన పడడం లేదు. కాలు ఆగడం లేదు.

తమ్ముడు చివరి వరుసకు వెళ్ళలేదు. పనిముట్ల సంచి అందుకుని ముందుకు వచ్చాడు. ఆమె కుర్చీ పక్కన ఖాళీగా ఉన్న బల్ల మీద కూర్చోబోతూ, ఆడుతున్న ఆ మోకాలి వంక చూసి, కార్యదర్శి గారికి వినబడకుండా అన్నాడు:

“కాలాడించకు. అమ్మ చూస్తే తొడపాశం పెట్టేది.”

ఆమెకు జవాబు చెప్పే వీలులేదు. ఇంకా ఒకరు మిగిలే ఉన్నారు.