చందమామ కడుక్కోలేని నలుపు

అమెజాన్ ఏటి ఒడ్డున ఉండే మా తికునా తెగవాళ్ల చందమామ పాటను మా తమ్ముడి కూతురు నీల్జా పాడాలని పట్టణం బడి నుంచి కబురొచ్చింది. ఆ పాట పాడేటప్పుడు మొహానికి రంగు ఉండి తీరాలి. ముందురోజు గంపెడు పచ్చి జెనిపాపు కాయలు తురిమి, రసం పిండి, దాని బుగ్గలకు నేనే పూశాను. పూసినప్పుడు నీళ్లలా ఉంటుంది. తెల్లారేసరికి నల్లగా నిగనిగలాడుతుంది.

వేదిక పక్కన దాన్ని చూసి, పాటలు నేర్పే ఎవాల్దో మాస్టారు గతుక్కుమన్నాడు.

"ఇదేంటమ్మా ఈ మసి? వెన్నెల్లా ఉండాలని తెల్ల గౌను కుట్టించాం. పోయి సబ్బుతో కడుక్కురా!"

నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే నీల్జా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండత్తా, నేను చెప్తా. మాస్టారూ, మీరడిగిన పాటలో ఉన్నదేంటి? చీకట్లో చాటుగా తన దగ్గరికి వచ్చేవాడెవడో తేల్చుకుందామని ఒకామె వాడి మొహానికి ఈ రసమే పూసింది. పొద్దున్నే వాడు ఏట్లో దిగి ఎంత రుద్దుకున్నా పోలేదు. సిగ్గేసి ఆకాశానికెక్కి చందమామయ్యాడు. చందమామ వల్లే కాలేదు, మీ సబ్బుతో నావల్ల అవుతుందా?"

"మరి జనం నవ్వితే?"

"నవ్వనీండి" అంటూ వేదికెక్కి గొంతెత్తింది.

ఎవరూ నవ్వలేదు. మొదటి చరణానికే వెనక వరసల్లోంచి మా ఊరివాళ్లంతా లేచి దానితో గొంతు కలిపారు. అందరి మొహాల మీదా అదే నలుపు. మాస్టారు గుడ్లప్పగించి చూస్తుండిపోయాడు. పాపం, రంగు దానికొక్కదానికే అనుకున్నాడు; నేను తురిమింది గంపెడు కాయలని అతనికేం తెలుసు!