మబ్బు లేని రోజు

"వదినా, జర అద్దం తుడువరాదు" అన్నాడు సదయ్య.

కొంగుతో తుడవబోయి ఆగాను. సారు ఇచ్చిన మెత్తటి గుడ్డతో తుడిచాను. పొద్దున లేచినప్పటి నుంచి అదే పని. కిటికీ చువ్వలు, మంచం పట్టె, బిందె మూత, దేవుని పటం. దండెం మీది బట్టలు దులిపితే మళ్లీ ఉతకాలనిపించింది. గోదావరిఖనిలో బొగ్గుపొడి చుట్టంలా వచ్చిపోదు, ఇంటి మనిషిలా ఉండిపోతుంది. కాలేజీ డాబా మీది దుర్భిణి అద్దాన్నీ వదలదు. తేడా ఒక్కటే. ఇంట్లో తుడవమని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు.

డిగ్రీలో మాకు ఖగోళశాస్త్రం ఒక పేపరు, దానికి ప్రాక్టికల్సు. దుర్భిణిని సూర్యుడి వైపు తిప్పి, కంటితో చూడకుండా, వెనక తెల్లకాగితం పెట్టాలి. దాని మీద రొట్టెంత వెలుగు పడుతుంది. అందులో నల్లమచ్చ కనిపిస్తే అదెక్కడుందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. రోజూ అదే వేళకు గీస్తూ పోతే మచ్చ కొంచెం కొంచెం జరిగి, అంచు దాటి మాయమవుతుంది. దాన్నిబట్టి సూర్యుడు తన చుట్టూ తాను ఎన్నాళ్లకు తిరుగుతాడో లెక్క కట్టాలి. మా బ్యాచిలో సదయ్య, జలాలుద్దీన్, నేను. కాగితం మీద ఎండ పడకుండా ఒకరు గొడుగు పట్టాలి. ఆ ఒకరు ఎప్పుడూ నేనే. "వదిన చెయ్యి అస్సలు కదలది" అంటాడు జలాలుద్దీన్. క్లాసులో పెళ్లయినదాన్ని నేనొక్కదాన్నే. వయసులో వాళ్ల ఈడుదాన్నే అయినా, మెడలో పుస్తెలు చూసి మొదటి రోజే వదినను చేశారు. పూలమ్మ అనే పేరు హాజరు తీసుకునేటప్పుడు లింగమూర్తి సారు నోటి నుంచి తప్ప ఇంకెక్కడా వినపడదు. వదిన అంటే గౌరవమే. ఆ గౌరవంతోనే గుడ్డ చేతికిస్తారు.

పరీక్షలు దగ్గరపడ్డాక సారు కొత్త మాట చెప్పాడు. ఈసారి ఎవరి మచ్చ వాళ్లే గీయాలి, అది అంచు దాటేదాకా వదలకుండా. రికార్డు మీద ఆయన సంతకం లేకపోతే పరీక్షకు రానివ్వరు.

"మరి గొడుగు ఎవలు పట్టాలె సార్?" అన్నాడు సదయ్య.

సారు ఒక అట్టముక్కకు బెజ్జం చేసి దుర్భిణి గొట్టానికి తొడిగాడు. కాగితం మీద నీడ పడింది. గొడుగు అవసరం ఎప్పుడూ లేదన్నమాట. గొడుగు మడిచి మూలన పెట్టాను.

మొదటి రోజు నా కాగితం మీద చాలా మచ్చలు కనిపించాయి. అన్నీ శ్రద్ధగా దిద్దాను. సారు చూసి, కంటి దగ్గరి అద్దాన్ని వేళ్లతో మెల్లగా తిప్పాడు. మచ్చలు కూడా గుండ్రంగా తిరిగాయి. ఒక్కటి మాత్రం కదలలేదు.

"తిరిగినవి మన బొగ్గువి. ఆగింది సూర్యునిది" అన్నాడు.

"వదిన సూర్యున్ని గూడ బాయిల దించిందిరో!" అని సదయ్య నవ్వాడు. ఇక్కడ గనిని బాయి అంటారు. నేనూ నవ్వాను. కదలని ఆ మచ్చ ఆవగింజంత ఉంది. సంతోషం కలగాలేమో అని కాసేపు చూశాను. ఏమీ అనిపించలేదు. ఈ మధ్య నాకు ఏదీ ఏమీ అనిపించదు. అన్నం వేడిగా ఉందో చల్లారిందో కూడా తిన్నాక ఆలోచించుకోవాలి. కానీ మర్నాడు గిన్నెలు తోముతూ ఉంటే, అది ఇవాళ ఎంత జరిగి ఉంటుందో అని చేయి దానంతటదే ఆగింది.

మా ఆయన కొమురెల్లి చెడ్డవాడు కాదు. "చదువుకో, ఎవలొద్దన్నరు?" అంటాడు. దోస్తుల ముందు "నేనే చదివిపిస్తున్న" అంటాడు. ఆ వారం ఆయనకు బాయిలో రాత్రి షిఫ్టు. పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా ఇంట్లో చప్పుడు కావద్దు. చప్పుడు లేకుండా గిన్నె దించడం, చప్పుడు లేకుండా తలుపు గొళ్లెం వేయడం, చప్పుడు లేకుండా దగ్గడం నేర్చుకున్నాను. వండి మూతపెట్టి, అత్తకు చెప్పి, కాలేజీకి నడిచేదాన్ని. మచ్చను గీసుకుని తిరిగి వచ్చేదాన్ని. అది ఒక్కరోజూ తప్పలేదు, నేనూ తప్పలేదు. అంచుకు దగ్గరైంది. ఇక రెండు మూడు రోజులే అన్నాడు సారు.

ఆ సాయంత్రం కొమురెల్లి చాయ్ తాగుతూ అన్నాడు. "రేపు బావ వస్తుండు బెల్లంపల్లికెల్లి. కోడి కొయ్యాలె. కాలేజి గీలేజి అనకు."

"రేపు పోవాలె. జల్ది వస్త."

"ఏం పనున్నది?"

"సూర్యుని మీది మచ్చ చూడాలె."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేదేమో. పడీ పడీ నవ్వాడు. "అవ్వా, విన్నవా? నీ కోడలు సూర్యుని మచ్చ చూడాల్నట!"

అత్త పోశవ్వ బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండానే అంది. "సూర్యుడు యాడికి పోతడే? ఎల్లుండి ఉండడా?"

సూర్యుడు ఉంటాడు, మచ్చ రేపున్న చోట ఉండదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. చేట అందుకుని నేనూ రాళ్లేరాను.

మర్నాడు మబ్బుతునక లేదు. నేను కాలేజీ డాబా మీద ఉండాల్సిన వేళకు మసాలా నూరుతున్నాను. వాకిట్లో ఎండ తెల్లగా పరుచుకుంది. "చెల్లె చేతి కూర మస్తుంటది" అని ఆయన బావ మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాడు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన మెడ ముక్కతో నేను తిన్నాను.

తర్వాతి రోజు మచ్చ అంచున నూలుపోగులా ఉంది. గీశాను. నా రికార్డు తిరగేస్తే నిన్నటి తేదీ వేసిన సూర్యుడి వలయంలోనూ మచ్చ ఉంది.

"నేనే గీసిపెట్టిన వదినా. ఫికర్ చెయ్యకు" అన్నాడు సదయ్య. మంచి పిల్లాడు. బాగా గీశాడు కూడా. రబ్బరు తీసుకుని చెరిపేశాను.

"గదేంది వదినా!"

"అది నువ్వు చూసినవు, నేను చూడలే."

లింగమూర్తి సారు రికార్డు చూసి కళ్లద్దాలు తీశాడు. "ఇది ఖాళీ ఉంటే సంతకం ఎట్ల పెట్టాలమ్మా? పక్కన ఆకాశం ఎట్లున్నదో రాసే గడి ఉన్నది కద. మబ్బు అని రాయి. రానోళ్లందరు గట్లనే రాస్తరు. నీకేం పోతది?"

పెన్ను చేతికిచ్చాడు. ఏం పోతుంది? నిజమే. పెళ్లయ్యాక ఏడాది చదువు ఆపితే, ఒంట్లో బాగాలేక ఆపిందని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. అది మబ్బు. చెల్లెలి పెళ్లికి పోనియ్యకపోతే, బస్సు దొరకలేదని చెల్లెలికి చెప్పాను. అది మబ్బు. దవాఖానలో డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం లేదు, తింటలేవా అంటే, ఆకలైతలేదమ్మా అన్నాను. అందరూ తిన్నాక గిన్నెలో ఏం ఉంటుందో ఆమెకు చెప్పలేదు. అదీ మబ్బే. ఎవరూ బలవంతంగా చెప్పించలేదు. నా చేత్తో నేనే ఒక్కొక్కటీ రాసుకుంటూ వచ్చాను. ఎండ నెత్తి మాడుస్తున్న రోజుల్లో కూడా మబ్బని రాసి, దాని కింద ఏమీ అనిపించకుండా బతుకుతున్నాను.

"మబ్బు లేదు సార్" అన్నాను.

"ఉన్నదని ఎవలన్నరమ్మా? రాయమంటున్న."

"ఉన్నది రాస్త సార్."

"పరీక్ష తీసుకోను బయటికెల్లి వచ్చేటాయన అడుగుతడు. పరీక్షకు రానియ్యకపోతే నన్ననొద్దు."

"అడగనియ్యుండ్రి సార్. నేనే చెప్త."

ఆకాశం అన్న గడిలో రాశాను: నిర్మలం. దాని పక్కన కారణం అన్న గడిలో రాశాను: పరిశీలకురాలిని వంటింట్లోంచి రానియ్యలేదు.