అవతలి గట్టు మాటలు

మిల్లు పడగొట్టిన చోట నది ఒడ్డున పార్కు కట్టారట, చూసొద్దాం రమ్మని భర్త వారం రోజులు చెవిలో జోరీగలా పోరితే పెద్దామె చివరికి బయలుదేరింది. ఇరవై రెండేళ్ళు మగ్గం నడిపిన నేల మీద పూలమొక్కలు చూడాలన్న సరదా ఆమెకేమీ లేదు. పోరు పడలేక వచ్చింది, అంతే.

మగ్గాల షెడ్డు ఉన్నచోట ఇప్పుడు పచ్చగడ్డి. గుర్తుకోసం నాలుగు ఇనుప స్తంభాలు ఉంచి, వాటికి నీలంరంగు కొట్టారు. వాటిని బట్టి తన మగ్గం ఎక్కడుండేదో పోల్చుకుంది. సరిగ్గా అక్కడే ఎవరో పసిపిల్లకు నడక నేర్పుతున్నారు. పక్క మగ్గం తోడికోడలిది. మిల్లంతా వీళ్ళిద్దరినీ పెద్దామె, చిన్నామె అనే పిలిచేది. ఆ పక్కచోటు వైపు కన్నెత్తి చూడకుండా ఆమె గట్టు మీది బెంచీపై కూలబడింది.

అప్పుడు కనిపించారు, అవతలి గట్టున మరిదీ చిన్నామే. భర్త నేలచూపులు చూస్తున్నాడు. అన్నదమ్ములు కూడబలుక్కున్నారన్నమాట.

"వంతెన మీదుగా అటెళ్దామా?" అన్నాడు మెల్లగా.

"మీరెళ్ళండి. దాని మొహం చూడనని పదకొండేళ్ళ కిందటే చెప్పాను."

నలభై దాటాక పెద్దామెకు చత్వారం వచ్చింది. తెగిన పోగు కనిపించేది కాదు. కళ్ళజోడు పెట్టుకుంటే మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడని దాచింది. చిన్నామె తన మగ్గం చూసుకుంటూనే మధ్యమధ్య వచ్చి అక్క పోగులు కూడా అతికి వెళ్ళేది. ఓరోజు మేస్త్రీ పిలిచి, కళ్ళు కనబడనివాళ్ళకు ఇక్కడ పనిలేదని ఇంటికి పంపేశాడు. సంగతి తెలిసింది చిన్నామెకొక్కదానికే. ఇంకెవరు చెప్పి ఉంటారు? "నేను కాదక్కా" అని ఆమె ఒక్కసారీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకుంది పెద్దామె. ఆ రోజుతో మాటలు బంద్. తన చేతుల్లో పెరిగిన చిన్నామె కూతురి పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

చూడనన్న మనిషే ఓరకంట చూస్తోంది. మగ్గాల మోతలో గొంతు చించుకున్నా పక్కవాళ్ళకు వినబడదు. అందుకే లోపలివాళ్ళంతా శబ్దం లేకుండా, నోరు బాగా తిప్పుతూ, పెదవులతోనే మాట్లాడుకునేవారు. కష్టసుఖాలూ అలాగే, మేస్త్రీ మీద తిట్లూ అలాగే. గోదాములో పనిచేసిన ఆమె భర్తకు ఈ విద్య అబ్బలేదు. మరిదికి మిల్లులోనే చెవులు పోయాయి, ఇంట్లో కూడా అతనికి అదే భాష. ఈ మలుపులో నది సన్నబడుతుంది, అవతలివాళ్ళ చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. కళ్ళు కనబడని మనిషి ఇంత దూరం నుంచి ఏం చూస్తుందిలే అనుకున్నారు కాబోలు. చత్వారం దగ్గరి చూపునే మింగుతుంది, దూరపు చూపు జోలికి పోదు.

మరిది పెదవులు కదిలాయి. "ఇవాళైనా చెప్పెయ్. మేస్త్రీకి చెప్పింది మా అన్నయ్యేనని."

చిన్నామె తల అడ్డంగా ఊపింది. "చెప్పను. నాతో మాట్లాడకపోయినా అక్క బతికింది. ఆయనతో కూడా మానేస్తే ఇద్దరూ ఏమైపోతారు?"

పెద్దామె భర్త వైపు తిరిగింది.

"నా కళ్ళ సంగతి మేస్త్రీకి చెప్పింది మీరా?"

ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "సూదిలో దారం ఎక్కించలేకపోయేదానివి. ఆ మగ్గంలో పడి చెయ్యి పోతుందని హడలిపోయాను. నేను చెబితే నువ్వు వినవు."

"నింద దాని మీద పడ్డప్పుడు?"

"రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నా. రోజులు గడిచేకొద్దీ నోరు రాలేదు."

చెయ్యి దక్కిన మాట నిజమే. ఒళ్ళు మండుతున్న మాటా నిజమే. అంతకు రెండింతలు తన మీద తనకే మంటగా ఉంది. అన్నేళ్ళు తన పోగులతికిన మనిషిని ఒక్క ప్రశ్నయినా అడక్కుండా దోషిని చేసింది తను కాక ఇంకెవరు?

"మీ సంగతి ఇంటికెళ్ళాక చూస్తాను" అని లేచి, గబగబా వంతెనెక్కింది.

అది చూసి చిన్నామె ఎదురొచ్చింది. నడిమధ్యన ఇద్దరూ ఆగారు.

"మీ మాటలు అక్కణ్ణుంచే చదివాను" అంది పెద్దామె. చిన్నామె తెల్లబోయింది. "తప్పు నాదే, చెల్లీ. నిన్ను అడగను కూడా లేదు. పిల్ల పెళ్ళి కూడా చూసుకోలేకపోయాను. పెద్దమ్మ ఏదని అడిగే ఉంటుంది. ఏం చెప్పావు దానికి?"

"కాళ్ళనొప్పులని చెప్పానక్కా. నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతోందన్నాను. ఇప్పటికీ అదే నమ్ముతోంది. ఫోను చేసినప్పుడల్లా పెద్దమ్మ కాళ్ళెలా ఉన్నాయనే అడుగుతుంది."

పెద్దామె వంతెన కమ్మీ పట్టుకుని భోరుమంది. చిన్నామె ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

"తగ్గాయని చెప్పు" అంది పెద్దామె ఏడుస్తూనే. "రేపు నడిచొస్తానని చెప్పు."