ఎవ్‌దోకియా అడిగిన పూర్తి పేరు

ఎవ్‌దోకియా ఒళ్లంతా పసుపు పచ్చగా తిరిగి ఆసుపత్రి మంచమ్మీద కూర్చుంది గానీ, ఎవరెన్ని చెప్పినా వైద్యానికి ఒప్పుకోవడం లేదు. పైత్యరసం దిగే నాళంలో చిన్న రాయి అడ్డుపడింది, నోట్లోంచి గొట్టం వేసి తీసేస్తారు, ఆలస్యమైతే చీముపట్టి ప్రాణమ్మీదికొస్తుందని కూతురు స్టమతియా బతిమాలి బతిమాలి అలిసిపోయింది.

"మీ నాన్నకీ రాయేగా," అంది ముసలావిడ, మొహం కిటికీ వైపు తిప్పుకుని.

గ్రీసులో, అందులోనూ ఈ కవాలా ఊళ్లో చెడ్డ జబ్బు పేరు రోగి ముందు ఎత్తే ఇల్లుందా అసలు? చేపల పడవ మీద బతికిన స్టమతియా తండ్రి ప్రోద్రొమోస్‌కి ఆ నాళంలోనే కేన్సర్ వస్తే, పిల్లలంతా కూడబలుక్కుని రాయన్నారు, డాక్టరు చేతా అనిపించారు. ఆయన పోయేదాకా నవ్వు మొహాలతో తిరిగారు. ఎంత బాగా దాచామో అని లోలోపల గర్వం కూడాను. ఇప్పుడు తల్లికి నిజంగానే రాయి వచ్చింది, చెబితే నమ్మే దిక్కు లేదు.

డాక్టర్ జికోస్ స్కానింగ్ ఫిల్ము తెచ్చి చూపించబోయాడు. ఆవిడ దానివంక కన్నెత్తి చూడలేదు.

"బాబూ, బొమ్మలు నాకేం తెలుస్తాయి? మీలో మీరు చెప్పుకునే పేరొకటి ఉంటుందిగా, పొడుగ్గా. అది చెప్పు. సగం మింగకుండా చెప్పు."

జికోస్ నవ్వలేదు, తడుముకోలేదు. మంచం పక్కన కుర్చీ లాక్కుని ఆవిడ కళ్లలోకి చూస్తూ చెప్పాడు. "ఖోలిదొఖోలిథియాసి."

వేరే దేశాల్లో ఈ మాట పలకడానికి డాక్టర్లకే నోరు తిరగదు, రోగులు బిక్కమొహం వేస్తారు. ఇక్కడ అది అమ్మమ్మలు మాట్లాడే గ్రీకే. ఎవ్‌దోకియా కళ్లు మూసుకుని బఠాణీ కాయ ఒలిచినట్టు దాన్ని ఒలిచింది. ఖోలి అంటే పైత్యం. దొఖో అంటే పట్టి ఉంచేది, వంటింట్లో నూనె డబ్బాకీ అలాంటి పేరే. లిథో అంటే రాయి, చివరిది జబ్బని చెప్పే తోక. మరోసారి చెప్పించుకుని, ఇంకేమీ మిగల్లేదని చూసుకుంది. ఎంత పెద్దవైనా కడుపులో ఏముందో దాచుకోని మాటలివి, ఎన్ని దండాలు పెట్టినా తక్కువే!

"సరే, తీసెయ్యండి," అని సంతకం చేసింది.

స్ట్రెచర్ కోసం చూస్తున్నప్పుడు స్టమతియా మెల్లిగా అడిగింది, నాన్న జబ్బు సంగతి నీకప్పుడే తెలుసా అని.

"గుమ్మం అవతల నించుని డాక్టర్లు పెద్ద పేరే చెప్పుకున్నారు. చివర్న కార్కినోమా అన్నారు. కేన్సరన్న ఆ మాట తెలీనిదెవరికే?"

"నాన్న అప్పుడు నిద్రలో ఉన్నాడుగా?"

"నిద్రెక్కడిది?" ఎవ్‌దోకియా కూతురి చెయ్యి దగ్గరికి తీసుకుంది. "నా చెయ్యి ఇలాగే పట్టుకుని, పాపం పిల్లలు ఇంత కష్టపడి దాస్తున్నారు, నాకు తెలిసిందని చెప్పకే, తట్టుకోలేరు, అన్నాడు."

స్ట్రెచర్ వచ్చింది. స్టమతియా ఆ చెయ్యి వదల్లేక, తలుపు దాకా ఏడుస్తూ పక్కనే నడిచింది.