నాకు పెట్టిన పసుపు బొట్టు

నేను ఒక చిన్న గాజు పలకను. బొటనవేలంత ఉంటానో లేదో గాని, నా ఒంటి మీద మూడు వేల రకాల ప్రోటీన్లున్నాయి. మీరు ఇది చదివే నాటికి నేనింకా పుట్టలేదేమో! పుట్టేదాకా ఆగలేక కథ ముందే చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

హైదరాబాదులో ఒక మర నా మీద సన్నటి చుక్కలు పెట్టింది. రొయ్యలు, పెసలు, పిల్లి బొచ్చు, రబ్బరు, ఆవాలు... ఒక్కోదానికి మూడేసి చుక్కలు. మీ రక్తంలో యాంటీబాడీలని కాపలావాళ్లుంటారు. ఎవరి మీద కోపమో నోరు విప్పి చెప్పరు. ఒక్క బొట్టు రక్తం నా మీద వేస్తే మాత్రం తమకు పడనివాళ్ల చుక్కలే వెతుక్కుని వాటేసుకుంటారు! రంగు మందు పోసి మెషిన్లో పెడితే ఆ చుక్కలు వెలుగుతాయి. నా విద్య అంతే.

నరసాపురంలోని ఒక లాబుకు నన్ను పంపారు. మొదట వచ్చింది మంగాయమ్మగారు. నలభై ఏళ్లుగా ఊరందరికీ ఆవకాయ కలిపిన చెయ్యి ఆవిడది. కిందటేడు నుంచి కలిపినప్పుడల్లా చేతుల నిండా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం. చూస్తే మామిడికాయలు కోతకొచ్చేశాయి.

"ఆవ పడదని మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, నా ప్రాణం ఇక్కడే పోద్ది," అంది లాబు డాక్టరు లలితాంబతో.

టెక్నీషియన్ మాణిక్యం మహా భక్తిపరుడు. కొత్త మెషిను మొదలెట్టే రోజు కదా, కొబ్బరికాయ కొట్టి, మెషినుకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఆ తర్వాత నా వంక జాలిగా చూసి, అదే వేలితో నాకూ ఒక బొట్టు! వేలి అంచు తగిలిందంతే, అంటిన పసుపు రవ్వ సరిగ్గా ఆవాల చుక్కల్లో ఒకదాని మీద పడింది. ఓరి నాయనో! ఆ మెషిను వెలుతురులో పసుపు మతాబులా వెలుగుతుందని ఈ మహానుభావుడికి ఎవరు చెప్తారు? నాకు నోరుంటే కేకలు పెట్టేదాన్ని. ఆపైన మంగాయమ్మగారి రక్తం బొట్టు వేసి, రంగు మందు పోసి, కడిగి మెషిన్లో పెట్టాడు. ఎన్నిసార్లు కడిగినా పసుపు వదులుతుందా?

"ఆవాలేనండీ," అన్నాడు మాణిక్యం రిపోర్టు చూసి.

మంగాయమ్మగారు కుర్చీలో కూలబడింది. "అయితే జాడీలు బోర్లించెయ్యడమేనా?"

డాక్టర్ లలితాంబ తెర మీదికి వంగింది. "ఆగండాగండి. ఆవకి మూడు చుక్కలుంటే ఒకటే వెలిగిందేంటి? మాణిక్యం, ఏదీ నీ వేలు చూపించు!"

చూపించాడు. పచ్చగా మెరిసిపోతోంది.

"పలకకి కూడా పెట్టావా?"

"తొలిరోజండీ! అన్నిటికీ పెట్టి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే బావోదు కదండీ!"

తిట్టబోయిన డాక్టరమ్మకు నవ్వొచ్చేసింది. అంతలో మరో మూల మూడు చుక్కలూ బుద్ధిగా వెలుగుతూ కనిపించాయి. అవి రబ్బరువి.

"కలిపేటప్పుడు చేతులకేమైనా వేసుకుంటున్నారా అమ్మా?"

"రబ్బరు తొడుగులండీ. శుభ్రంగా ఉంటదని కిందటేడు మా కోడలు కొనిచ్చింది."

బొట్టు లేని ఇంకో పలక మీద మళ్లీ చూసి అదే ఖాయం చేశారు. మంగాయమ్మగారు లేచి, ఏడుస్తూ నవ్వుతూ మాణిక్యం బుగ్గలు రెండూ పుణికింది. "నా ఆవాలు బంగారం బాబూ!" లాబంతా ఒకటే గోల. నాకూ గెంతాలనిపించింది. కాళ్లేవీ?

మాది ఒక్కసారి వాడి పారేసే జాతి. అయినా డాక్టరమ్మ నన్ను శుభ్రం చేసి బల్ల మీద పెట్టుకుంది. కొత్తగా చేరినవాళ్లకు చూపించి, "దీనికి మాత్రం పూజ చెయ్యకండి," అంటుంది.

నెల తిరక్కుండా మంగాయమ్మగారు జాడీతో వచ్చింది. వేడన్నంలో కొత్తావకాయ కలిపి డాక్టరమ్మకూ మాణిక్యానికీ ముద్దలు పెట్టింది. మాణిక్యానికి కళ్లెంట నీళ్లు కారుతున్నాయి. అయినా "ఇంకొక్కటండీ" అన్నాడు. అప్పుడావిడ నా వైపు తిరిగింది. "ఇదేనా నా ఆవాల్ని గెలిపించింది?" అంటూ తొడుగు లేని, నూనె కారుతున్న ఒట్టి చేత్తో నన్ను పట్టుకుంది. దద్దుర్లు లేవు, వాపు లేదు. ఎర్రటి వేలిముద్ర ఒకటి నా ఒంటి మీద ఉండిపోయింది. ఇప్పటిదాకా దాన్నెవరూ తుడవలేదు.