అందరిలో నేనూ ఉన్నాను

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, నేను, మా లాబ్రడార్ కుక్క మొద్దు ఉన్నాం. మొద్దు తగిలి నానమ్మ రెండోసారి పడేసరికి, దాన్ని ఇచ్చేయాలని నాన్న తేల్చేశాడు. లాబ్రడార్లను మాత్రమే చేరదీసే సంఘం నుంచి ఒకావిడ వచ్చింది. మొద్దు పళ్లు, చెవులు చూసి, మెడకు కొత్త బెల్టు కట్టబోతూ ఆగింది.

“ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఒక్కరు వద్దన్నా మేం తీసుకెళ్లం.”

“అందరికీ ఇష్టమేనండి,” అన్నాడు నాన్న.

కొత్తవాళ్లు వస్తే నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. ఈసారి వెళ్లలేదు.

“నాకు ఇష్టం లేదండి. బడికెళ్లేటప్పుడు దీన్ని పెరట్లో కట్టేస్తాను. ఇంట్లో ఉన్నప్పుడు నేనే పట్టుకుంటాను.”

“నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాం కదరా, ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో,” అని నానమ్మ నాన్నతో అంటూ నవ్వింది.

“నువ్వూరుకో అమ్మా,” అని నాన్న నావైపు తిరిగాడు. “పెద్దవాళ్ల మాటకి అడ్డమేంటే? లోపలికి పో.”

“పోను. ఎన్నిసార్లడిగినా ఇదే చెప్తాను.”

ఆవిడ బెల్టు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

“అంత ప్రేమైతే దాంతోనే ఉండు,” అంటూ నాన్న మా ఇద్దర్నీ గుమ్మం బయటికి పంపాడు.

“ఉంటాను నాన్నా,” అన్నాను.

నాన్న తలుపు వేసేశాడు.