అదే ఊరు, అదే దూరం

ఆయన చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, ఫోన్లోంచి తలెత్తకుండానే అందుకున్నారు. "ఆ ఊరు ఎంత దూరమో తెలుసా నీకు? తొమ్మిది వేల కిలోమీటర్లు. మధ్యలో విమానం మారాలి. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి లెక్కేస్తే ఇరవై గంటలు. మాటలనుకున్నావా?"

నాకు తెలియక కాదు. పెళ్లయిన మరుసటేడే ఆయన అదే ఊళ్లో ఉద్యోగమని వెళ్లి, మూడేళ్లుండి వచ్చారు. అప్పుడు నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఎంతసేపు, ఓ కునుకు తీసి లేచేసరికి దిగిపోతాను. ఈ రోజుల్లో దూరాలెక్కడున్నాయి?" అన్నారు. "మగాడన్నాక నాలుగూళ్లు తిరగాలి, అడ్డం పడకు" అని అత్తయ్య గదిమారు. సరే, దగ్గరే కాబోలని నమ్మాను. ఆయన వెళ్లిన ఏడో నెలలో పురిటి నొప్పులొచ్చాయి, ఆపరేషన్ చేయాలన్నారు. రమ్మని ఫోన్ చేస్తే, "అంత దూరం నుంచి ఉన్నపళంగా ఎలా వచ్చేది? నేనొచ్చేసరికి అంతా అయిపోతుంది" అన్నారు. కాగితాల మీద మా అమ్మ సంతకం పెట్టింది. ఆయన నెల తర్వాత తీరిగ్గా వచ్చి, పాప ముక్కు అచ్చం తనదేనని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నారు.

ఇప్పుడు ఆ ఊరు మళ్లీ దూరం జరిగింది. నేను బట్టల కంపెనీలో కత్తిరింపు నమూనాలు గీస్తాను. భుజం దగ్గర పట్టకుండా, చంక కింద ఉబ్బకుండా గుడ్డను ఎక్కడ మలుపు తిప్పాలో నా చేతికి తెలుసు. ఆ ఊళ్లో కొత్తగా పెట్టిన యూనిట్లో ఏడాది ఉండి పని నేర్పమని మేనేజరమ్మ నన్నే అడిగింది. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. ఈ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు, ఏం పని, ఎందుకు నిన్నే పిలిచారని అడగలేదు. ఎన్ని గంటల ప్రయాణమని మాత్రం అడిగారు. ఒళ్లు మండిపోయింది నాకు. విమానం మగవాళ్లను ఒక దారిన, ఆడవాళ్లను చుట్టూ తిప్పి ఇంకో దారిన తీసుకెళ్తుందా?

"పాపకి ఒంట్లో బాగోకపోతే ఎంతసేపట్లో రాగలవు?" అన్నారు అత్తయ్య, గుమ్మంలోంచి.

"నేనెందుకు రావాలి అత్తయ్యా? వాళ్ల నాన్న ఇక్కడే ఉంటారుగా."

"వాడికేం తెలుస్తుందే?"

"నేర్చుకుంటారు. నేను మాత్రం పుట్టుకతో నేర్చుకొచ్చానా?"

ఇంకా నాలుగు చొక్కాలున్నాయి. ప్లగ్గు పీకేశాను. ఫోన్ తీసి, వస్తానని మేనేజరమ్మకు రాసి పంపి, పంపానని పైకే చెప్పాను. అత్తయ్య ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయారు.

ఆయన ముడతలు పోని చొక్కాలవంక చూశారు, నావంక చూశారు. గొంతు తగ్గించి అడిగారు. "సరే, వెళ్తావు. పాపకి జ్వరమొస్తే చూపిస్తావే, ఆ డాక్టరమ్మ... ఆవిడ ఆస్పత్రి ఎక్కడ? చాలా దూరమా?"

"మీరు రోజూ కారు పెట్టే చోటికి ఎదురుగానండీ," అన్నాను.